కర్రలు కావాలా, రిజిస్టరు కావాలా?

ఇరుగుపొరుగు ఏకమైతే ఏ సమస్య అయినా తీరిపోతుందని సభల్లో తరచూ వింటుంటాం. పేపర్లు కూడా అదే రాస్తాయి. మన హేతువాద మిత్రులు కూడా అప్పుడప్పుడు ఆ మాటే అంటుంటారు. నాకు మాత్రం ఈ మాట సగమే నిజమనిపిస్తుంది. ఏకం కావటం మనవాళ్లకు ఎప్పుడూ కష్టం కాలేదు. చేతబడి చేసిందన్న అనుమానంతో ఒక ముసలమ్మను చెట్టుకు కట్టి పళ్లు ఊడగొట్టింది కూడా ఏకమైన ఇరుగుపొరుగే. "మా ఊరి క్షేమం కోసం చేశాం" అని వాళ్లూ అంటారు. ఏకమైన తర్వాత వీళ్లు దేన్ని ఆధారంగా తీసుకుంటారు? దాన్ని సరిచూసేవాళ్లు ఎవరైనా ఉన్నారా? నాకు కావలసింది ఈ రెండు ప్రశ్నలకు జవాబు.

నేను బీకాం చదివి డిఫెన్స్ అకౌంట్స్‌లో ఆడిటర్‌గా చేరి, అకౌంట్స్ ఆఫీసర్‌గా రిటైరయ్యాను. సర్వీసులో చాలా ఏళ్లు యూనిట్లకు వెళ్లి స్టోర్సు లెడ్జర్లు తనిఖీ చేసే పనిలో గడిచాయి. లెడ్జర్‌లో నూట ఇరవై దుప్పట్లు అని రాసి ఉంటే, గోడౌన్‌లోకి వెళ్లి లెక్కపెట్టాలి. సుబేదార్‌గారు ఎంత మర్యాదస్తుడైనా, ఆయన మాట ఓచరు కాదు. ఈ అలవాటు వల్ల ఇంట్లోవాళ్లతో తిట్లు తిన్న సందర్భాలున్నాయి గానీ, కాలనీ వ్యవహారంలో మాత్రం పనికొచ్చింది.

ముందు ఢిల్లీ సంగతి చెప్పాలి. 2001 మే నెల. నా ఆఫీసు ఆర్.కె.పురంలో, అద్దె ఇల్లు యమునకు అవతల, తూర్పు ఢిల్లీలో. ఆ వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో తెలియదు. జనం డాబాల మీద పడుకునేవారు. ఉన్నట్టుండి 'కాలా బందర్' పుట్టుకొచ్చింది. నల్లటి కోతి మనిషి, ఎర్రటి కళ్లు, ఇనుప గోళ్లు, నెత్తిన హెల్మెట్! గుండెల మీద మీటలుంటాయనీ, అవి నొక్కితే మాయమవుతాడనీ కూడా చెప్పారు. ముందు ఘజియాబాద్‌లో అన్నారు, తర్వాత మా చుట్టుపక్కల అన్నారు. పోలీసులకు వందల ఫోన్లు వెళ్లాయి. వాళ్లు బొమ్మలు గీయించారు, పట్టిచ్చినవాళ్లకు యాభై వేల బహుమతి ప్రకటించారు.

మా వీధిలో అప్పటిదాకా పక్కింటివాళ్ల పేరు పక్కింటివాళ్లకు తెలియదు. రెండు రాత్రుల్లో గస్తీ దళం తయారైంది. పంజాబీ వాళ్లు, బీహారీ వాళ్లు, మేము, ఒక మలయాళీ కుటుంబం. వంతులు, టార్చిలైట్లు, హాకీ స్టిక్కులు, అర్ధరాత్రి టీ. ఎంత ఐకమత్యమో చూడాలి! మామూలు రోజుల్లో మంచినీళ్ల ట్యాంకరు దగ్గర జుట్లు పట్టుకునేవాళ్లే వీళ్లంతా.

ఆ గస్తీలు పట్టుకున్నది ఎవరిని? నగరంలో ఒకచోట పొట్టిగా ఉన్న ఒక దేశదిమ్మరి సాధువును కోతి మనిషి అనుకుని చితకబాదారు. కేకలు విని నిద్రలో లేచి డాబా మీద నుంచి దూకినవాళ్లలో ప్రాణాలు పోయినవాళ్లున్నారు. పొరుగువాళ్ల అరుపులకు కంగారుపడి మెట్ల మీద నుంచి పడి ఒక గర్భిణి చనిపోయింది. తర్వాత పోలీసులు మానసిక వైద్యులను, ఫోరెన్సిక్ నిపుణులను పిలిపించి పరిశీలన చేయించారు. కోతి మనిషి అనేది ఏదీ లేదని తేలింది. ఆ ఉదంతంలో ప్రాణాలు తీసినవి కోతి మీద భయం, ఆ భయంతో పెట్టిన కేకలు. కేకలు పెట్టింది కాపలా కాస్తున్నవాళ్లే.

మా వీధి గస్తీలో ఒక్కరు కూడా కాగితం తీసి "ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరు చూశారు, ఎంత దూరం నుంచి, అప్పుడు కరెంటు ఉందా" అని రాయలేదు. రాసి ఉంటే మూడో రోజుకే తేలిపోయేది, కళ్లారా చూసినవాడు ఒక్కడూ లేడని. అందరికీ 'వెనక వీధి వాళ్లు' చెప్పారు. వెనక వీధికి వెళ్లి అడిగితే వాళ్లకు మేమే చెప్పామట!

మన తెలుగు ఊళ్లు తక్కువేమీ తినలేదు లెండి. తొంభైలలో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న తరం మనది. సున్నంతో రాయటం వల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు కాబట్టి దాన్ని నవ్వుకుంటూ చెప్పుకుంటాం.

2018లో నవ్వటానికి వీల్లేకుండా పోయింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో వీడియోలు. వాటిలో బాగా తిరిగిన ఒక వీడియోలో బైకు మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లాడిని ఎత్తుకుపోతారు. అది కరాచీలో ఒక స్వచ్ఛంద సంస్థ పిల్లల భద్రత గురించి తల్లిదండ్రులను హెచ్చరించటానికి తీయించిన ప్రకటన. చివర్లో పిల్లాడిని తిరిగి తెచ్చి దింపే ముక్కను ఎవరో కత్తిరించి పంపారు. పిల్లల రక్షణ కోసం తీసిన బొమ్మే మనుషుల్ని చంపటానికి పనికొచ్చింది. ఆ ఏడాది జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో, సంత రోజున, భిక్షాటనకు వచ్చిన సంచార జాతి మనుషులు ఐదుగురిని పంచాయతీ గదిలో పెట్టి కొట్టి చంపారు. రెండు వారాలు తిరక్కుండానే బీదర్ జిల్లా ముర్కిలో హైదరాబాద్ కుర్రవాడు ఒకడు, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, బలయ్యాడు. వాళ్లు చేసిన నేరం బడి పిల్లలకు చాక్లెట్లు పంచటం.

అదే ఏడాది, అవే పుకార్లు మన జోగులాంబ గద్వాల జిల్లాకూ వచ్చాయి. అక్కడ ఎస్పీగా ఉన్న రమా రాజేశ్వరి ఊరికొక పోలీసును కేటాయించి పంపారు. ఊళ్లో ఏ వీడియో తిరుగుతోందో వాళ్లు అడిగి తెలుసుకునేవారు. జానపద కళాకారులతో డప్పు కొట్టించి, పాటలు కట్టించి అది అబద్ధమని చెప్పించారు. అక్కడ ఒక్క ప్రాణం పోలేదు. జనం వేరే రకం జనం కాదు. వీడియో చేరిన ఊరికి, దాన్ని సరిచూసిన మనిషి కూడా చేరాడు. తేడా అదే.

ఇంకా పాత ఉదాహరణ భివండీ. ముంబై పక్కన మరమగ్గాల ఊరు. వరంగల్, కరీంనగర్, నల్గొండ నుంచి వలస వెళ్లిన మన పద్మశాలీలు అక్కడ వేలమంది ఉన్నారు కాబట్టి తెలుగువాళ్లకు కొత్త పేరు కాదు. 1970లో, 1984లో అక్కడ ఘోరమైన మత కల్లోలాలు జరిగాయి. 1988లో డీసీపీగా వచ్చిన సురేశ్ ఖోపడే మొహల్లా కమిటీలు పెట్టించాడు. రెండు మతాల వాళ్లనూ కూర్చోబెట్టి, స్థానిక పోలీసుతో కలిపి క్రమం తప్పకుండా సమావేశాలు. కుళాయి గొడవ, అద్దె గొడవ, పిల్లల గొడవ, ఏదైనా అక్కడే. 1992 డిసెంబరు, 1993 జనవరిల్లో ముంబై తగలబడి సుమారు 900 మంది చనిపోయినప్పుడు, పక్కనే ఉన్న భివండీ ప్రశాంతంగా ఉంది. అశుతోష్ వర్ష్‌నే అనే రాజనీతి శాస్త్రవేత్త 2002లో తెచ్చిన పుస్తకంలో ఈ ఊరి ప్రస్తావన ఉంది. మతాల మధ్య రోజువారీ పౌర సంబంధాలు ఉన్న ఊళ్లు ఎందుకు నిలబడ్డాయన్నది ఆయన చర్చించే విషయం. నాలాంటి వాడికి అర్థమయ్యే భాషలో చెప్పుకోవాలంటే, ఒక పుకారు పుట్టినప్పుడు అవతలి వీధిలో అడిగి తెలుసుకోవటానికి పేరుతో తెలిసిన మనిషి ఉండాలి. ఆ మనిషిని అల్లరి మొదలయ్యాక వెతుక్కోవటం కుదరదు.

ఇక మా కాలనీకి వస్తాను. సికింద్రాబాద్ శివార్లలో నూట నలభై ఇళ్లు. రిటైరైనవాళ్లం ఎక్కువ, అమెరికాలో పిల్లలున్నవాళ్లు ఎక్కువ, కాబట్టి తాళాలు వేసిన ఇళ్లూ ఎక్కువే. 2021 చివర్నుంచి పద్నాలుగు నెలల్లో 11 దొంగతనాలు జరిగాయి. అప్పుడే విజయవాడ వైపు చెడ్డీ గ్యాంగ్ వార్తలు పేపర్లలో వచ్చాయి. అవి నిజం వార్తలే. మా గ్రూపులో మాత్రం ప్రతి రాత్రీ చెడ్డీ గ్యాంగ్ మా ఆరో వీధిలోనే ఉండేది.

కాలనీ సంఘం మీటింగు పెట్టింది. కాలనీ ముఖద్వారానికి వీధిపోటు ఉందనీ, శాంతి హోమం చేసి గేటు జరపాలనీ ఒక వర్గం. ఎస్టిమేటు ఎనభై ఐదు వేలు, గేటు ఖర్చు అదనం. దొంగలు అమావాస్యకే వస్తారు కాబట్టి అమావాస్య గస్తీ చాలని ఇంకొకరు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు, ఇస్త్రీ బండి అతనికి గుర్తింపు కార్డులిచ్చి, వెళ్లేటప్పుడు సంచులు వెతకాలని మరొకరు. కుర్రాళ్లు మాత్రం మాటలు అనవసరమని కర్రలు తెచ్చుకున్నారు.

నేను ఆ రోజు అడిగింది ఒక్కటే: "పదకొండు దొంగతనాలు అంటున్నాం కదా, ఆ పదకొండు ఏవేవో ఎవరైనా రాసి పెట్టారా?" లేదు. ఒకాయన పదిహేను అన్నాడు, ఒకావిడ ఎనిమిది అంది.

రెండు వారాల తర్వాత, జనవరి చలిలో, రాత్రి పదకొండు దాటాక అరుపులు వినిపించాయి. నాలుగో వీధి మొదట్లో కరెంటు స్తంభానికి ఒక మనిషిని కట్టేశారు. వయసు ముప్పై లోపే. హిందీ తప్ప వేరే భాష రాదు. అదే అతని మీద మొదటి సాక్ష్యం. జేబులో స్క్రూడ్రైవరు దొరికింది, అది రెండో సాక్ష్యం. అప్పటికే ఒక చెంప వాచింది. ముగ్గురు ఫోన్లలో వీడియో తీస్తున్నారు. నేను హిందీలో అడిగాను. కాలనీ వెనక కడుతున్న అపార్టుమెంటులో సెంట్రింగ్ పని, పాపకు జ్వరం, మెయిన్ రోడ్డు మీద మందుల షాపు మూసేస్తారని మా వీధిలోంచి అడ్డంగా వచ్చాడు. "దవాయీ, బాబూజీ, దవాయీ" అంటున్నాడు. నమ్మమని ఎవరినీ అడగలేదు నేను. "మందు చీటీ ఉందా?" అన్నాను. వెనక జేబులో ఉందన్నాడు. స్క్రూడ్రైవరు తీసినవాళ్లు ఆ జేబు చూడనే లేదు! చీటీ మీద ఆ రోజు తేదీ, పాప పేరు, వయసు మూడేళ్లు.

అయినా ఒక కుర్రాడు "చీటీ ఎవడైనా రాయించుకోవచ్చు అంకుల్" అన్నాడు. కాదనలేం. సందేహం మంచిదే. అయితే ఆ సందేహం స్క్రూడ్రైవరు మీద కూడా ఉండాలి కదా అన్నాను. ఈలోగా మూడో వీధిలో ఉండే రిటైర్డ్ నర్సమ్మగారు శాలువా కప్పుకుని వచ్చి, "ఒరేయ్, ముందు తాడు విప్పండిరా, చేతులు నీలబడుతున్నాయి, నీళ్లివ్వండి" అని గదిమింది. నా చీటీ కంటే ఆమె గదమాయింపే ఎక్కువ పనిచేసిందని ఒప్పుకోవాలి. 112కి ఫోన్ చేశాం. పోలీసులు వచ్చారు, సైటు మేస్త్రీ వచ్చాడు, మనిషి అతనేనన్నాడు. నర్సమ్మగారు తన ఇంట్లో ఉన్న పిల్లల జ్వరం మందు ఇచ్చి పంపింది. మర్నాడు గ్రూపులో "నిన్న రాత్రి మన కుర్రాళ్లు ఒక దొంగను పట్టుకున్నారు" అని మెసేజి, దాని కింద నలభై చప్పట్లు!

చట్టం సంగతి కూడా ఇక్కడ చెప్పాలి, చాలామందికి తెలియదు. తన కళ్ల ముందు నాన్ బెయిలబుల్, కాగ్నిజబుల్ నేరం చేస్తున్నవాణ్ణి మామూలు పౌరుడు కూడా పట్టుకోవచ్చు. ప్రకటిత నేరస్తుణ్ణీ పట్టుకోవచ్చు. అప్పుడది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 43వ సెక్షను, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షను. పట్టుకున్నాక ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలని కొత్త చట్టంలో స్పష్టంగా ఉంది. 'అనుమానంగా కనిపించాడు' అన్నది ఎక్కడా లేదు. కొట్టే హక్కు అసలే లేదు. ఐదుగురు గానీ అంతకు మించి గానీ కలిసి, కులం, భాష, పుట్టిన ఊరు లాంటి కారణాలతో మనిషిని చంపితే ఉరి లేదా యావజ్జీవం అని భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షను రెండో క్లాజు చెబుతోంది. 'భాష' అన్న మాట అందులో ఉందని ఆ తర్వాత మీటింగులో చదివి వినిపించాను. కుర్రాళ్ల తండ్రులు శ్రద్ధగా విన్నారు.

ఆ వారమే రెండు వందల పేజీల రిజిస్టరు కొన్నాను. జరిగిన ఇళ్లకు నేనూ నర్సమ్మగారూ తిరిగాం. తేదీ, సుమారు సమయం, ఇంట్లో ఎవరైనా ఉన్నారా, తాళం ఎన్ని రోజుల నుంచి, ఎటు నుంచి వచ్చారు, ఏం పోయాయి, ముందు ఎవరు చూశారు, వీధి దీపం వెలుగుతోందా. వినికిడి కబుర్లకు పేజీ ఇవ్వలేదు. ఎఫ్ఐఆర్ ఉంటే నంబరు, లేకపోతే ఇంటివాళ్ల సంతకం. లెక్క సరిగ్గా 11 తేలింది. పదిహేను అన్నాయన, ఒకే దొంగతనాన్ని ముగ్గురి నోట విని మూడుగా లెక్కేసుకున్నాడు.

11లో 9 తాళం వేసిన ఇళ్లు. అందులో ఆరింటి గేటుకు పేపర్లు, పాల ప్యాకెట్ల సంచి, కరపత్రాలు వేలాడుతూనే ఉన్నాయి. 'మేం ఊళ్లో లేము' అని బోర్డు పెట్టినట్టే. 11లో 8 నాలుగు, ఆరు వీధుల్లో జరిగాయి. ఆ రెండు వీధుల్లో కలిపి ఏడు దీపాలు వెలగటం లేదు. పనివాళ్ల మీద అనుమానం ఉంది కదా, అదీ చూశాం. ఆ ఇళ్లలో ఐదింటికి అసలు పనిమనిషే లేదు. మిగతా ఆరింట్లో ఆరుగురు వేర్వేరు మనుషులు.

అమావాస్య సంగతి కూడా తేల్చాను. అమావాస్యకు ముందు మూడు రోజులు, తర్వాత మూడు రోజులు కలిపితే ఏడు. చాంద్రమాసం ఇరవై తొమ్మిదిన్నర రోజులు. అంటే దొంగలకు పంచాంగం తెలియకపోయినా 11లో రెండు మూడు ఆ రోజుల్లో పడాలి. గోడ మీది పంచాంగం క్యాలెండరు చూసి లెక్కపెడితే పడ్డవి రెండు! దీపాలు లేని వీధిలో రోజూ అమావాస్యే కదా, దొంగకు క్యాలెండరు దేనికి?

గస్తీ ఆపలేదు. కర్రలు మాత్రం తీసేయించాం. టార్చి, ఈల, నలుగురి ఫోన్ నంబర్లు. కొత్త మనిషి కనిపిస్తే "ఎవరి ఇంటికి బాబూ?" అని అడగటం, జవాబు కుదరకపోతే 112కి చెప్పటం. చేయి వేయటం లేదు. ఊరెళ్లేవాళ్లు పేపరు ఆపించటం, తాళం పక్కింట్లో ఇచ్చి వెళ్లటం, సాయంత్రం లైటు వేయించుకోవటం. కమిటీలోకి ఇస్త్రీ బండి అతన్ని, చెత్త బండి అతన్ని, ఇళ్లలో పనిచేసే ఇద్దరు ఆడవాళ్లను తీసుకున్నాం. దీనికి పెద్ద గొడవే జరిగింది. "వాళ్లతో సమానంగా కుర్చీల్లో కూర్చోవాలా?" అని ఒక పెద్దమనిషి లేచి వెళ్లిపోయాడు. కానీ ఏ ఇంటికి ఎన్ని రోజుల నుంచి తాళం ఉందో, ఏ మోటారు సైకిలు కొత్తగా తిరుగుతోందో నూట నలభై ఇళ్లకూ తెలిసినవాళ్లు వాళ్లే. రాత్రి ఈల వేసే గూర్ఖా కూడా వాళ్ల ముందు దిగదుడుపే.

కెమెరాల గురించి ఒక ముక్క. చందాలతో అప్పటికే ఎనిమిది పెట్టారు. నేను నెలనెలా ఫిజికల్ వెరిఫికేషన్ అన్నాను. మొదటి నెల చూస్తే ఐదు మాత్రమే రికార్డు అవుతున్నాయి. ఒకటి వేపకొమ్మను రోజంతా ఎంతో శ్రద్ధగా చూస్తోంది.

హోమం జరగలేదనుకునేరు. జరిగింది, ఆ ఫిబ్రవరిలో, విడిగా చందాలు వేసుకుని. అడ్డుపడటం నా పని కాదు, వాళ్ల డబ్బు వాళ్ల ఇష్టం. సంఘం డబ్బు మాత్రం పోనివ్వలేదు, దాని మీద రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టాను. హోమం అయిన నెలలోపే రెండు దొంగతనాలు జరిగాయి. రిజిస్టరులో 12, 13. ఏడు దీపాల్లో ఆరు మే నెలలో వెలిగాయి. ఆ తర్వాత పద్నాలుగు నెలల్లో ఒక్కటే జరిగింది. హోమం ఫలితం నిదానంగా వచ్చిందని వాళ్లంటారు.

మన పద్ధతి వల్లే తగ్గిందని నేను కూడా ఢంకా బజాయించను. అదే వేసవిలో పోలీసులు పక్క మండలంలో ఒక ముఠాను పట్టుకున్నారు. ఎడాపెడా పెరిగిన అంకె దానంతటదే కొంత దిగుతుంది కూడా. దీపాల వల్ల ఎంత, ముఠా పట్టుబడటం వల్ల ఎంత అని విడదీయటానికి నా దగ్గర రెండో కాలనీ లేదు. నేను గట్టిగా చెప్పగలిగింది రెండే: స్తంభానికి మళ్లీ ఎవరినీ కట్టలేదు. ఎవరైనా "చాలా జరుగుతున్నాయి" అంటే "ఎన్ని?" అని అడిగి పుస్తకం తెరుస్తున్నారు.

ఇప్పుడు రిజిస్టరు నా దగ్గర లేదు. ఐదో వీధిలో ఉండే ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి తీసుకుని ఎక్సెల్‌లోకి ఎక్కించింది. పోయినసారి మీటింగులో 'అనుమానితులు' అని ఒక గడి పెట్టాలని మళ్లీ ఎవరో అడిగారు. "చూసింది రాద్దాం అంకుల్, అనుకున్నది వద్దు" అని ఆ అమ్మాయే అడ్డం చెప్పింది. నేను నోరు విప్పే అవసరం రాలేదు.

ఏడో దీపం ఆరో వీధి చివర ఉంది. ఫిర్యాదు మూడుసార్లు ఇచ్చాం, మూడుసార్లూ 'పరిష్కరించబడింది' అని ఫోన్‌కు మెసేజి వచ్చింది. స్తంభం కింద నిలబడి, తేదీ కనపడేలా ఫోటో తీసి నాలుగోది మొన్న సోమవారం పెట్టాను.